ఉరుమంటే ఉరుమే

మే 19, సోమవారం

మా సంగీత దర్శకుడు సార్ టెంప్లేట్ వచ్చింది, వాయిద్యాలన్నీ ముందే పేర్చి ఉంచిన ఫైలు. తెరిచాను. కంప్యూటర్ చచ్చింది.

మళ్లీ తెరిచాను. మళ్లీ అదే. ఒక్క స్వరం కూడా వాయించలేదు, అప్పుడే ర్యామ్ మొత్తం నిండిపోయింది. ఆరొందల ట్రాకులు. వయొలిన్లు, వాటి వెనక ఇంకో రకం వయొలిన్లు, మూడు దేశాల కోరస్‌లు, ఆర్గాన్, గంటలు. సినిమా చూస్తే మా కరువు గురించి. సార్ ట్యూన్ ఇస్తారు, నేను శింగనమలలో కూర్చుని దాన్ని ఆర్కెస్ట్రాకు రాసి పంపాలి. పేరు సార్‌ది. అది నాకు ముందే తెలుసు, దాని గురించి కాదు నా గొడవ.

ఫోన్ చేస్తే, నా దగ్గర బాగానే ఓపెన్ అవుతోందే కృపా అన్నారు. అవుతుంది మరి. హైదరాబాద్‌లో ఆయన కంప్యూటర్‌కు నా దానికి ఎనిమిదింతల మెమరీ. ఒక్క ట్రాక్ కూడా తీయొద్దట. తీస్తే ఆయన మిక్సింగ్ వరుస చెడిపోతుందట.

మే 21, మధ్యాహ్నం

అనంతపురం బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి టవల్ వేసి సీటు పట్టేవాళ్లను చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. ఈ టెంప్లేట్ అచ్చం అదే. ఈ సినిమాలో ఒక్క స్వరం కూడా పలకని వాయిద్యాలన్నీ మెమరీ నిండా టవళ్లు వేసి కూర్చున్నాయి. నిజంగా పలకాల్సిన చెల్లోలు, ఆ పెద్ద వయొలిన్లు, ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నాయి.

టవళ్లు తీసేశాను. ట్రాకును చెరపలేదు, డిజేబుల్ చేశాను. ట్రాక్ దాని చోటే ఉంటుంది, వరుసా చెడదు, దాని శబ్దాలు మాత్రం మెమరీలోంచి దిగిపోతాయి. కోరస్‌లు దిగాయి. ఆర్గాన్ దిగింది. కంప్యూటర్ ఊపిరి తీసుకుంది. ఈ ఒక్క ముక్క సార్ ఫోన్లో చెప్పి ఉంటే నాకు రెండు రోజులు మిగిలేవి.

మే 23

సార్ వాయిస్ మెసేజ్. చివర్లో వాన వస్తుంది కదా, అక్కడ ఉరుము పెట్టు కృపా, పెద్దగా ఉండాలి, ఛాతీ అదరాలి అన్నారు.

నాలుగుసార్లు విన్నాను. ఉరుము అడిగారు. మా ఉరుము, జాతరలో వాయించే మా వాయిద్యం. డోళ్లు అడిగారు, డప్పులు అడిగారు, ఇన్నేళ్లలో ఉరుము కావాలని అడిగినవాళ్లు లేరు.

నరసింహప్ప మామ దగ్గరికి పరిగెత్తాను. అమ్మకు అన్న. అమ్మ చర్చిలో కలిసింది, మామ కలవలేదు. ఇప్పటికీ జాతరలో అమ్మవారి ముందు ఉరుము ఆయనదే. ఏమ్మే, సినిమావోళ్లకు మన ఉరుము యాడ తెలుసు అన్నాడు. నమ్మలేదు. మెసేజ్ వినిపించాను. మళ్లీ పెట్టమన్నాడు. లేచి వెళ్లి గోడకున్న ఉరుము దించి, తోలు మీద దుమ్ము కండువాతో తుడిచాడు.

మే 25, ఆదివారం

అమ్మ ఒప్పుకోలేదు. అది దేవర కాడ వాయించేది, ఈడికి తేవద్దు, ఆడికే పోయి ఏమన్నా చేసుకోపో అంది. మంచిదే అయింది. చర్చిలో కీబోర్డు ముగించుకుని మైకు ఎత్తుకుని మామ ఇంటికే పోయాను. చెనక్కాయల గదిలో రికార్డు చేశాం. నాలుగు పక్కలా వేరుశనగ విత్తనం మూటలు, అందుకే గదిలో ప్రతిధ్వని లేదు. వాన పడితే ఆ విత్తనం భూమిలోకి పోవాలి.

మామ వంపు కర్రతో తోలు మీద రుద్దాడు. అది గుర్రుమంది. మామ కళ్లు మూసుకునే ఉన్నాడు, ఆపమన్నా ఆపలేదు.

మే 26

మెమరీ మళ్లీ నిండింది. పెద్ద డ్రమ్ములు, మామ ఉరుము కలిపి ఒకే ఆడియో ఫైల్‌గా మార్చి, ఆ డ్రమ్ముల శబ్దాలను మెమరీలోంచి దించేశాను, ఉరుము విడి ట్రాకును మ్యూట్ చేశాను. ఇప్పుడు హాయిగా నడుస్తోంది. చివరి సీన్ వింటే ఏడుపొచ్చింది. పంపాను. ఉరుము మా నరసింహప్ప మామ వాయించాడని రాశాను కూడా.

మే 28

జవాబు లేదు. మామ మూడుసార్లు అడిగాడు.

మే 29, ఉదయం 10

సార్ ఫోన్. నిన్ను డ్రమ్ము ఎవరు అడిగారు అన్నారు. ఉరుమంటే ఉరుము, మేఘం ఉరిమే ఉరుము, తెలుగు రాదా అన్నారు.

నాకు తెలుగు రాదా. మా ఊళ్లో ఉరుమంటే ముందు మామ చేతిలోది, తర్వాతే ఆకాశంలోది. ఆకాశంలోది వచ్చి ఎన్నాళ్లయిందో సార్‌నే వచ్చి చూడమనండి. కరువు కథ మాది కావాలి, కరువు నేల మాది కావాలి, వాయిద్యం మాత్రం వద్దు. మామ వాయించాడని నేను రాసిన మాట చూసి, ఎవరో పల్లెటూరాయన అనుకునే కొట్టేశారు. విన్నారా అని అడిగితే, వినక్కర్లేదు అన్నారు. మెసేజ్ చూడగానే అర్థమైందట. అది తీసేసి, టెంప్లేట్‌లో మేఘాల ఉరుముల శబ్దాలతో థండర్ లైబ్రరీ ఉంది, లోడ్ చెయ్ అన్నారు.

మామ వీధంతా చెప్పుకున్నాడు. నేనేం మొహం పెట్టుకుని పోవాలి.

మే 30

ఉరుము ట్రాక్ చెరిపేశాను. థండర్ లోడ్ చేశాను. మెమరీ గురించి ఏదో నోటీసు వచ్చింది. చదవకుండానే ఓకే నొక్కాను. అన్నీ ఒకే ఆడియోగా కలిపి పంపేశాను. వినలేదు. వినాలనిపించలేదు.

జూన్ 2

సార్ ఫోన్. గొంతులో పండగ. ఇదీ ఉరుమంటే, డైరెక్టర్ కుర్చీలోంచి లేచాడు, ఇది ఏ లైబ్రరీ కృపా, నా దగ్గరున్న థండర్ ఇట్లా ఉండదే అన్నారు.

లైన్లో ఉండమని చెప్పి ప్రాజెక్ట్ తెరిచాను. థండర్ ట్రాక్ మూగగా ఉంది. ఆ రోజు నేను చదవని నోటీసు ఇదే, మెమరీ చాలక శబ్దాలు లోడ్ కాలేదని. మరి గర్జించింది ఎవరు? నేను చెరిపింది ఉరుము విడి ట్రాకునే. మామ అప్పటికే పెద్ద డ్రమ్ములతో కలిసి ఆ ఆడియోలో కూర్చున్నాడు. సార్ వద్దన్నది, సార్ మెచ్చుకున్నది ఒక్కటే. మధ్యలో మారింది ట్రాక్ పేరు మాత్రమే.

నరసింహప్ప అన్నాను. ఏ దేశం కంపెనీ అన్నారు. మా మామ సార్, మొన్న మీరు వినకుండా తీసేయమన్నది ఇదే అన్నాను. సరేలే, ఉంచేద్దాం అన్నారు. టైటిల్స్‌లో పేరు వేయాలన్నాను. ఉరుముకు పేరేంటి, ఎవరైనా వేస్తారా అని నవ్వారు. అయితే తీసేసి మీ థండర్ పెట్టి పంపుతాను, డైరెక్టర్‌కు మీరే చెప్పుకోండి అన్నాను. ఇంకెప్పుడూ పని ఇవ్వరేమో. ఇవ్వకపోనీ.

ఏమని వేయాలో రాసి పంపు అన్నారు.

జులై 18

సినిమా వచ్చింది. అమ్మ కూడా చూసింది. చివర్లో, చిన్న అక్షరాల్లో, ఉరుము: నరసింహప్ప.

చెనక్కాయల గదిలో మూటలు ఇంకా అట్లే ఉన్నాయి. ఉరిమినావు సరే, వాన యాడప్పా అని బస్టాండు కాడ అందరూ మామను పట్టుకుని అడుగుతాండారంట.