ఖాళీ గోడను గడగడా చదివిన అమ్మాయి మనవి

విద్యాధికారి గారికి,

అయ్యా,

నిన్న ఇక్కడిదాకా రాసేసరికి అమ్మ ఉతికిన బట్టలు పట్టుకుని గదిలోకి వచ్చేసింది. కాగితాలు అట్లాసులో దాచేశాను. ఈరోజు మళ్ళీ మొదలుపెడుతున్నాను.

విషయం: చూపు తక్కువన్న కారణంగా తొమ్మిదో తరగతి విద్యార్థినిని తన బెంచీ మీంచి లేపకుండుట గురించి.

1. పుట్టుకతోనే నాకు చూపు తక్కువ. అద్దాలు పెట్టినా బోర్డంతా సుద్దపొడి మబ్బే. డాక్టరుగారి సర్టిఫికెట్ ఉన్నది. అది బడిలో ఇవ్వవలసినది. రెండేళ్ళుగా అట్లాసులోనే ఉన్నది. ఇంట్లో మాత్రం "ఇచ్చేశాను, పెద్ద అక్షరాల పేపర్లు ఇస్తున్నారు" అని చెప్పాను. రెండూ అబద్ధాలేనని ఇందుమూలముగా ఒప్పుకుంటున్నాను.

2. ఎందుకు ఇవ్వలేదంటే, మా బడిలో సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళని మెట్ల కింద స్పెషల్ రూముకి పంపేస్తారు. అక్కడ విరిగిన బెంచీలు, ఒక గ్లోబు, స్వెట్టరు అల్లుకునే ఒక టీచరు ఉంటారు. స్వెట్టరు బాగుంటుంది. పాఠమే ఉండదు.

3. కాబట్టి బోర్డు మీదున్నది నా పక్కన కూర్చునే అమ్మాయి నా చెవిలో చదువుతుంది. ఆ చదవడాన్ని అందరూ గుసగుస అంటారు. పోయిన నెలలో క్లాసులో మాట్లాడుతోందని ఆ పిల్లని ఆరుసార్లు బయట నిలబెట్టారు. ఒక్కసారి కూడా నా పేరు చెప్పలేదు. ఎందుకే అని నేనడిగితే "పోవే, బయట గాలి బాగుంటుంది" అంటుంది. సదరు గాలి న్యాయంగా నాకు రావలసినది.

4. శుక్రవారం కంటి పరీక్ష. చార్టు నాకు కంఠతా వచ్చు. ఎదురుగా తెల్లగా ఏదో కనబడితే చివరి వరుసదాకా అప్పజెప్పేశాను. నర్సమ్మ పక్కనించి నా భుజం తట్టింది.

"బంగారూ, చార్టు నా చేతిలో ఉంది. తుడుద్దామని తీశాను. నువ్వు చదివింది గోడ!"

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "సోమవారంలోగా నువ్వే చెప్పెయ్. లేకపోతే నేను చెప్పాల్సొస్తుంది" అన్నది. ఈరోజు ఆదివారం. తొందరలో రాస్తున్నందున చేతిరాతను మన్నించగలరు.

5. మా తాతయ్య వకీలుగారి దగ్గర గుమాస్తా. అన్నం తినేటప్పుడు తీర్పులు పైకి చదువుతారు. ఏ పిల్లకీ బడి గేటు మూయకూడదని కోర్టు మొదట అన్నదట. తర్వాత ఇంకొక తల్లి కేసు వేస్తే, ఊరికే కూర్చోబెడితే చాలదు, పాఠం అందాలన్నదట. మొన్నటి తీర్పులో, వేరే గదికి పంపేముందు, ఉన్న గదిలోనే కావలసినవన్నీ ఇచ్చి చూశామని బడే రుజువు చెయ్యాలన్నది. ఈ ముక్క తాతయ్య నావైపు చూస్తూ రెండుసార్లు చదివారు. నేను గ్లాసెడు నీళ్ళు తాగుతూ ఉండిపోయాను.

కావున పెద్ద అక్షరాల పేపర్లు, పరీక్షలో అరగంట అదనం, అదే బెంచీ, పక్కన అదే గుసగుస ఇప్పించ ప్రార్థన. నాకు చదివిపెట్టడం మాట్లాడటం కిందికి రాదని ఒక ఆర్డరు కూడా. సోమవారం మొదటి గంట కొట్టేలోపు దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడో బెంచీ, కిటికీ వైపు

తా.క. తలుపు కొడుతున్నారు. తాతయ్యే.

"అమ్మడూ, నా కట్టలో నాలుగు అర్జీ కాగితాలు తక్కువయ్యాయి. దొంగని నేనేమీ అననులే. సర్టిఫికెట్ జతచెయ్యమని మాత్రం చెప్పు, లేకపోతే అర్జీ నిలబడదు. అట్లాసులోనే ఉందిగా!"

అయ్యా, ఇక ఈ కాగితాలు ఎక్కడ దాచను? దిండు కిం