అరిజోనా తేలుకు కెంటకీ మందు

జూన్ 2, సోమవారం
కొత్త జీవితం మొదలు! నా భార్య నోరీన్‌కు అరిజోనాలోని టూసాన్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. కెంటకీ వదిలి ఆమె వెంట వచ్చేశాను. పురుగుల మందు కొట్టడానికి అక్కడ నాకు లైసెన్సుంది. దాన్ని ఈ రాష్ట్రానికి మార్పించుకోవాలి, అంతే. నెలాఖరులోగా తెస్తే ఉద్యోగమిస్తానని ఇక్కడి కంపెనీ యజమాని మాటిచ్చాడు.
తీర్మానం: లైసెన్సు చేతికొచ్చేదాకా ఎవరింట్లోనూ చుక్క మందు కొట్టను. చట్టమంటే చట్టమే!

జూన్ 4
లైసెన్సుల ఆఫీసుకు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి మర్యాదస్తురాలు.
"మీ మీద ఫిర్యాదుల్లేవని కెంటకీ నుంచి ఉత్తరం తెప్పించండి సార్. ఇక్కడి చట్టం మీద పరీక్ష కూడా రాయాలి."
"పరీక్షా? చెదపురుగులన్నీ నాకు పేరుపేరునా తెలుసమ్మా!"
"చెదలు తెలిస్తే చాలదు సార్. చట్టం తెలియాలి."
పంతొమ్మిదిన పరీక్ష. పుస్తకం తెచ్చుకున్నాను. రోజుకో అధ్యాయం. ఎంతసేపు!

జూన్ 7
మొదటి అధ్యాయం తెరిచాను. ఎండ మండిపోతోంది. ఈ వేడికి చట్టం బుర్రకెక్కదు. కూలర్ బాగు చేశాను. రేపు రెండు అధ్యాయాలు.

జూన్ 10
పొద్దున్నే పక్కింటి ఒఫీలియా గారు తలుపు బాదేశారు. పెద్దావిడ, ఒంటరిగా ఉంటారు; పగలు మనవరాల్ని చూసుకుంటారు.
"వెర్లిన్! తేలు! మనవరాలి ఉయ్యాల్లో!"
పాప అప్పటికే ఆవిడ చంకలో ఉంది. తేలును బూటుతో ఒక్క దెబ్బ. బూటుకు లైసెన్సు అక్కర్లేదు. తీర్మానం భద్రం! ఆవిడ వేడివేడి తమాలేలు, అంటే మొక్కజొన్న పిండి కుడుములు, పెట్టారు. ఆరు తిన్నాను. నిద్ర ముంచుకొచ్చింది. చదువు రేపు.

జూన్ 13
మళ్లీ ఆవిడే.
"ఇంకో తేలు, నాయనా. కాస్త మందు కొట్టరాదూ?"
"లైసెన్సు రాలేదండీ. చట్టం ఒప్పుకోదు."
"ఇరవయ్యేళ్లు అదే పని చేశానన్నావుగా. ఊరికే గొప్పలా?"
గొప్పలా? నావా? కెంటకీ నుంచి తెచ్చిన డబ్బా తీశాను. గోడల అంచుల వరకే. డబ్బు పుచ్చుకోలేదు కాబట్టి ఇది వ్యాపారం కాదు, స్నేహం.

జూన్ 16
స్నేహం పాకుతోంది. ఒఫీలియా గారి చెల్లెలిల్లు. ఆ చెల్లెలి పక్కిల్లు. ఆ పక్కింటివారి కోళ్ల గూడు. అందరూ "డాక్టరు గారూ" అంటున్నారు!
కూలర్ ఒక పక్కకు ఒరుగుతుంటే చట్టం పుస్తకం దాని కింద పెట్టాను. సరిగ్గా సరిపోయింది.

జూన్ 18
కెంటకీ బొద్దింకను చంపే మందు అరిజోనా తేలును చంపదట. చిరాకు పెడుతుందట. ఒఫీలియా గారింట్లో చిరాకుపడ్డవన్నీ గోడ దాటి మా ఇంటికొచ్చాయి. స్నానం చేసి తువ్వాలుకు చెయ్యి చాచానో లేదో, కుట్టింది!
ఆసుపత్రిలో డ్యూటీ నోరీన్‌దే.
"పేషెంటు ఏం పని చేస్తారు?"
"నోరీన్, నేనే!"
"ఏం పని?"
"పురుగుల్ని... చంపుతాను."
"లైసెన్సుందా?"
పక్క మంచంలో విరిగిన కాలితో ఉన్నాయన నొప్పి మరిచిపోయి నవ్వాడు.

జూన్ 19
చెయ్యి మొద్దుబారింది. పెన్ను నిలవదు. (ఇది ఎడమ చేత్తో.) పరీక్ష పోయింది. కంపెనీ యజమానికి ఫోన్ చేసి అంతా చెప్పాను. వేరే మనిషిని పెట్టుకుంటున్నానన్నాడు. నోరీన్ రెండో షిఫ్టు కూడా ఒప్పుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

జూన్ 22
నోరీన్ నా పేరు మీద పరీక్షకు జూలైలో ఇంకో తేదీ తీసుకుంది. ఆ చీటీ ఫ్రిజ్‌కు అంటించింది.
ఒఫీలియా గారింటికెళ్లి తప్పు ఒప్పుకున్నాను. నా మందు పనిచేయలేదు, కొట్టే హక్కూ నాకు లేదు అని. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, నా వెంట మా ఇంటికొచ్చి, కూలర్ కింది పుస్తకం లాగారు. ముప్పయ్యేళ్లు బడి పంతులమ్మట!
"చెప్పు. లైసెన్సు లేకుండా, డబ్బు తీసుకోకుండా పక్కింట్లో మందు కొట్టొచ్చా?"
"కొట్టకూడదండీ."
"మరి మా ఇంట్లో కొట్టిందెవరు?"
"నేనే."
"అడిగి కొట్టించింది?"
ఆవిడ వేలు తనవైపే తిప్పుకున్నారు.
"నేనేగా. ఈ పరీక్ష ఇద్దరం తప్పాం. కూర్చో, మొదటి పేజీ నుంచి."
తీర్మానం: లైసెన్సు వచ్చేదాకా చుక్క మందు కొట్టను. రోజుకో అధ్యాయం, పక్కింటావిడకు అప్పజెప్పాలి. తప్పు చెబితే తమాలే లేదు.