గట్టు మీది తంగేడు

తిరుపతి,
ఆగస్టు 1978

నాయనకు మునిలక్ష్మి దండం పెట్టి రాసుకునేది.

జయరావు సారు ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు మధ్యలో లేచిపోవద్దు నాయనా. చివరిదాకా విను.

శెనక్కాయ చేను గట్టున ఉన్న తంగేడు పొదలను వినాయక చవితి దాటగానే తగలబెడతానన్నావు. పోయినేడు గొంగళిపురుగు పంటంతా తినేసింది కాబట్టి, తంగేడాకు తింటున్న ఈ పచ్చపురుగులు కూడా చేనులోకి దిగుతాయని నీ భయం. నేను కాదన్నందుకు, "నాలుగు అచ్చరాలు నేర్సి పురుగుల పక్కన నిలబడతాండావే!" అన్నావు. కూలోళ్లందరి ముందూ అన్నావు. ఏడుపొచ్చింది. కానీ నేనూ అప్పుడు చూసి చెప్పలేదు, పుస్తకంలో చదివి చెప్పాను.

అందుకే వచ్చేటప్పుడు నీకు తెలియకుండా కొన్ని పురుగులను హార్లిక్స్ సీసాలో తెచ్చుకున్నాను. హాస్టల్లో నా గదిలో ఉండే పంకజాక్షి, "ఊరగాయ తెస్తావనుకుంటే పురుగులు తెచ్చినావా తల్లీ!" అని మంచమెక్కి కూర్చుంది. శెనక్కాయ ఆకు వేశాను. ముట్టలేదు, నీరసించిపోయాయి. తంగేడాకు వేస్తే తొలకరి గడ్డి దొరికిన ఎద్దుల్లా మేశాయి. తర్వాత ఆకులాంటి గూళ్లు కట్టుకుని వేలాడాయి. నిన్న పొద్దున ఒక గూడు పగిలి, తడి రెక్కలతో లేతపసుపు సీతాకోకచిలుక వచ్చింది. దానికి కిటికీ తీసింది పంకజాక్షే.

ఆ పొదను తలుచుకుంటే నాకు ఎంత అబ్బురమో! నీళ్లు పోసేవాళ్లు లేరు. మేకలు మూతి పెట్టవు. గులకరాళ్ల గట్టున, మండే ఎండలో విరగబూస్తుంది. నల్ల తుమ్మెదలు పువ్వును పట్టుకుని జుమ్మని ఊపి పుప్పొడి రాల్చుకుంటాయి. దాని మొదలు దగ్గర కౌజుపిట్ట గుడ్లు పెడుతుంది. అమ్మ కషాయం కాచేదీ ఆ పూలతోనే. దానికి నిప్పు పెట్టొద్దు నాయనా.

నీ కూతురు,
మునిలక్ష్మి


సత్యవేడు,
సెప్టెంబరు 1978

అమ్మా మునిలక్ష్మీ,

నాయన సెప్పగా జయరావు సారు రాసేది.

ఉత్తరం ఇన్నాను. లేవలేదు. అయినా నా కంటితో సూడాల గదా. రెండు పురుగులను శెనక్కాయ మొక్క మీద ఇడిసి గంప బోర్లించినాను. పొద్దున సూస్తే ఆకు ఆకుమాదిరే ఉండాది. "నోరులేని జీవాన్ని పస్తు పెడతావేందయ్యా!" అని మీయమ్మ గొంతెత్తింది. మళ్లా తంగేడు మీదనే ఇడిసినా.

చవితి పోయింది. నిప్పు పెట్టలేదు. చేనులోకి వంగిన కొమ్మలు మాత్రం కొట్టినా. అవి గూడా పురుగులను ఏరి పక్క కొమ్మకు మార్సినాకనే. కూలోళ్లలో ఏకాంబరం సూసి, "ఏమప్పా, పురుగులు మేపే పని కుదిరిందా?" అని నవ్వినాడు. అందరూ నవ్వినారు.

"మా పాప సూసి సెప్పింది, నేనూ సూసినా" అన్నాను. అందరి ముందరే అన్నాను.

మీ నాయన,
వెంకటముని (వేలిముద్ర)