పేరున్నవాడే తియ్యాలి

కోహ్కా, భిలాయి
24 ఏప్రిల్ 2025

మహారాజశ్రీ బావగారు ధర్మారావు గారికి బావమరిది రాజాబాబు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నా కోపం కూడా క్షేమంగానే ఉంది. గారూ మీరూ అనే మర్యాద ఇక్కడితో సరి బావా.

ఫోన్ చేస్తే ఎత్తవు. సెక్టర్ నాలుగులో మీ ఇంటికి వస్తే లేనని మా అప్ప చేత చెప్పిస్తావు. తలుపు వెనక దగ్గింది నువ్వేనని నాకు తెలీదా? అందుకే ఈ ఉత్తరం.

నందిని గనులకెళ్ళే దారిలో మన స్టీల్ ప్లాంటు రిటైర్డువాళ్ళ సొసైటీకి ఉన్న అడవిచెక్క హోలీ తరవాత అంటుకుంది. ఇప్పపూలు ఏరుకోవడానికి ఎవరో కింద ఆకులు తగలబెట్టారు, గాలి లేచింది. అది నీ తప్పు కాదు. కానీ సెక్రటరీవి కదా, మీటింగులో లేచి, అక్కడ ఏటుందిరా బొగ్గులు తప్ప, అన్నీ చచ్చినాయి, కొట్టించేసి వాకింగ్ ట్రాక్ ఏసేద్దాం అన్నావు. నేను అడ్డొస్తే, నీకేటి తెల్సు కూకో అన్నావు, అదీ అందరి ముందూ. నాకు ఒళ్ళు మండిపోయింది.

చచ్చాయని నీకెవరు చెప్పారు? నువ్వు చూశావా? మామయ్యగారు కారు దిగనే లేదని కారు నడిపిన నీ అల్లుడు మనోజ్‌కుమారే చెప్పాడు.

నేను వెళ్ళి చూశాను. ఇప్ప మానులకి నడుం దాకా మసి. గోటితో గీకితే లోపలంతా పచ్చ. కొమ్మల చివర రాగిరంగు చిగుళ్ళు. మోదుగలు పైన మాడిపోయినా మొదళ్ళ దగ్గర గుత్తులుగా పిలకలు వేశాయి. తునికి సంగతి చెప్పక్కర్లేదు, నేలంతా అదే. పలచటి బెరడువి కొన్ని పోయాయి, కాదనను. వాటినీ ఉండనీ. పిట్టలు వాలతాయి, గింజలు రాలుస్తాయి. మంట పైపైన పోయింది బావా, నువ్వు పిలిపిస్తున్న జేసీబీ వేళ్ళతో సహా పీకుతుంది. నిప్పే వదిలిపెట్టినదాన్ని నువ్వు చంపుతావా?

మనం ఫర్నేసు దగ్గర బతికినవాళ్ళం. కాపిటల్ రిపేరుకి ఆపిన ఫర్నేసుని చచ్చిందని ఎవడైనా అంటే పడీ పడీ నవ్వేవాడివి. ఈ అడవీ రిపేరులోనే ఉంది.

ఫర్నేసుకి గాలి కొట్టే బ్లోయరు లోపల రిపేరు చేస్తూ నేనున్న రోజు మర్చిపోయావా? ఎవరూ స్విచ్చు వెయ్యకుండా దానికి నీ పేరుతో ఎర్ర ట్యాగు వేలాడుతోంది. పేరున్నవాడు తప్ప ఇంకెవరూ తియ్యకూడదు కదా. పని అయిపోనాది, తీసెయ్ అని ఫోర్‌మన్ అరుస్తున్నా, కంటితో చూడందే తియ్యనని నువ్వు లోపలికి తొంగిచూశావు. లోపల నేనున్నాను. ఆ ధర్మారావు ఇప్పుడు ఎటు పోయాడు?

అప్పకి నా నమస్కారాలు. ఆవిడ మీద నాకే కోపమూ లేదు.

ఇట్లు,
నీ మీద ఇంకా మండిపడుతున్న
రాజాబాబు

తా.క.: జేసీబీ నిన్న వచ్చి, వచ్చిన దారినే పోయింది. దాంతో వచ్చినవాళ్ళంతా ప్లాంటులో ఠేకా కూలీలుగా, అదే కాంట్రాక్టు మీద, పనిచేసినవాళ్ళేనట. మొదటి ఇప్పచెట్టుకి ఎర్ర ట్యాగు చూసి, ట్యాగ్ లగా హై భయ్యా, హాథ్ నహీ లగాయేంగే అన్నారట. ట్యాగున్నదాని మీద చెయ్యి వెయ్యరట. అది కట్టింది నేనే. కానీ దాని మీద రాసిన పేరు నాది కాదు, నీది. ఇక నువ్వే రావాలి. వచ్చి, కారు దిగి, లోపల ఎవరున్నారో చూసి, అప్పుడు తియ్యి.