పురుగుల ఇంట్లో పొగ

జూలై 3, చిక్కబళ్ళాపురం

మా కాలేజీ సార్ ఫోన్ చేశాడు. పట్టుపురుగుల మీద మా ఇంట్లో తాను తీసిన సినిమాను ఇరవయ్యో తేదీ ఆదివారం చింతామణిలో వేస్తున్నారట. తన కన్నడం కలిసిన తెలుగులో అన్నాడు: “అయినాక నువ్వు ఐదు నిమిషాలు మాట్లాడాల పద్మా. గొప్ప సినిమా అంటే ఏమి, అదే విషయ. రైతుబిడ్డ మాట్లాడితే తూకముంటాది.”

సరే సార్, అన్నాను.

మాట్లాడతాను. సార్ ముఖంలోకి చూస్తూ మాట్లాడతాను.

జూలై 4

ఫిబ్రవరిలో జరిగింది వరసగా రాసి పెట్టుకోవాలి. సభలో తడబడకూడదు.

పురుగులు నాలుగో జ్వరం దాటాయి — నాలుగోసారి పొర విడిచి, వాన పడుతున్న చప్పుడుతో ఆకు తింటున్నాయి. ఇంకో వారంలో గూళ్ళు కట్టేవి. అమ్మా నాయనా తోటలో ఆకు కోస్తున్నారు. సార్ పురుగుల ఇంట్లో నిలబడి కిటికీకేసి చూశాడు. “వెలుగు కనపడటంలే. సాంబ్రాణి పొగ వేస్తే చారలు చారలుగా పడతాది.”

పురుగుల ఇంట్లో ఊదుబత్తి కూడా వెలిగించరు. పౌడరు రాసుకున్నవాళ్ళను గడప దాటనివ్వరు. మా ఊళ్ళో నాలుగేళ్ళ పిల్లకు తెలుసు. “పురుగులకు పడదు సార్” అన్నాను. “ఐదు నిమిషాలే. ఏం కాదు.”

సార్ కదా. కాలేజీలో పాఠం చెప్పే మనిషి. మా ఇంట్లో పలక పట్టిన మొదటిదాన్ని నేను — చదువుకున్నవాళ్ళకు అమ్మకంటే ఎక్కువ తెలుసని నమ్మడం కూడా నాతోనే మొదలయింది.

పొగ వేశారు. ఐదు నిమిషాలు కాదు, గంటన్నర.

జూలై 5

నాలుగు రోజులకు పురుగులు ఆకు ముట్టడం మానేశాయి. మెత్తబడి, నల్లబడి... ఆ కంపు. గంపలకెత్తి గుంతలో పోశాం.

కబురు తెలిసి సార్ మళ్ళీ వచ్చాడు. కెమెరాతో. అమ్మ గుంత గట్టున కూర్చుని ఏడుస్తుంటే తీశాడు. “ఏ హీరోయిన్‌కూ రాదు ఈ ఏడుపు” — నా చెవిలో. సినిమాలో ఆ దృశ్యం కింద, వాన లేక పంట పోయిందని అక్షరాలు వేశాడు.

అందరూ మెచ్చుకునేది దాన్నే.

జూలై 8

క్లాసులో సార్ చెప్పేవాడు: గొప్ప సినిమాకు మొదట వెలుగు, తర్వాతే కథ. ఆ మాట కింద రెండు గీతలు గీసుకున్నాను అప్పట్లో.

అమ్మకు ఎవరూ పాఠం చెప్పలేదు. టీవీలో హీరోయిన్ బిందె ఎత్తుకుని వయ్యారంగా వస్తుంటే — “దాంట్లో నీళ్ళు లేవు పాపా. నడుము సూడు.” ఇంకోసారి, ఒక పేద ముసలాయన చచ్చిపోయే దృశ్యం. నేను ఏడుస్తున్నాను. అమ్మ: “ఆ దుప్పటి మడతలే పోలేదు. అంత లేనోళ్ళకు కొత్త దుప్పటి యాడిది?” నాయన: “నీతో సినిమా సూసేదొకటే, పోలీసోణ్ణి తోడు తీసుకోని సంతకు పోయేదొకటే.”

నా అభిప్రాయం ఇది. బిందెలో నీళ్ళుండాలి. మోసిన మనిషికి, సినిమా అయిపోయాక, నడుము మిగలాలి. రెండోది లేకపోతే మొదటిది దొంగతనం.

జూలై 9

సార్ ఫోనులో కొత్త ఫోటో పెట్టాడు. మెడలో దండ. వెనక పోస్టరు మీద అమ్మ ఏడుపు.

జూలై 13, దిబ్బూరహళ్ళి

ఇంటికొచ్చాను. కొత్త పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. అమ్మ లోపలికి పోవడం లేదు. ఆకు మోపు గడప దగ్గర దించి పక్కకు జరుగుతుంది. లోపల నాయన ఒక్కడే, తట్ట తట్టకూ తిరుగుతూ.

“ఇంకెన్నాళ్ళమ్మా ఇట్లా?”

“నా సెయ్యి మంచిది కాదు పాపా. చాకవేల్లో సావింటికి పోయొచ్చి, తలకు పోసుకోకుండానే ఆకేస్తి. ఎవురికీ సెప్పలేదు. అందుకే పురుగు పోయె.”

“దాంతో కాదులేమ్మా.”

“నీకేం తెలుసు. సదువుకున్నదానివి.”

ఐదు నెలలుగా ఈ మాట వింటున్నాను. ఐదు నెలలుగా నోరు మూసుకునే ఉన్నాను.

జూలై 15

ఉపన్యాసం కన్నడంలో రాస్తున్నాను. చింతామణిలో ముందు వరసల నిండా పురుగులు పెంచేవాళ్ళే ఉంటారు. పొగ అన్న ఒక్క మాట చాలు. వాళ్ళు అరవరు. లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఒక్కొక్కరే బయటికి నడుస్తారు. ఖాళీ కుర్చీల ముందు నిలబడాలి సార్, శాలువా కప్పుకుని. ఆ ముఖం నేను దగ్గరగా చూడాలి. ఏ హీరోకూ రాని ఏడుపు రావాలి.

జూలై 16

మూడుసార్లు తిరగరాశాను. మూడింటిలోనూ కుంపటి ఉంది, సాంబ్రాణి ఉంది, సార్ ఉన్నాడు. కుంపటి పట్టుకున్న మనిషి లేదు. నాలుగో తేదీన ఈ డైరీలో కూడా ఆ మనిషిని రాయలేదు.

పొయ్యిలోంచి నిప్పులు తీసింది నేను. సాంబ్రాణి చల్లింది నేను. “ఇంకొంచెం ఎడమకు పద్మా” అంటే ఎడమకు జరిగింది నేను.

వాన మీదకు నెట్టి సార్ తప్పించుకున్నాడు. సార్ మీదకు నెట్టి నేను. ఇద్దరం ఒకే రకం సినిమా తీస్తున్నాం.

పగ మాత్రం తగ్గలేదు. ఇంకా పెరిగింది.

జూలై 18, దిబ్బూరహళ్ళి

సార్ మళ్ళీ ఫోన్. “అమ్మనూ పిలుచుకొని రా. అందరి ముందరా సన్మాన చేస్తాము.” అమ్మ పక్కనే ఉంది, వినేసింది. పెట్టెలోంచి చీర తీసి ఎండలో వేసింది.

ఆపగలను. బస్సు లేదంటాను, ఒళ్ళు బాగలేదంటాను. అమ్మ సినిమా చూసిందంటే ఆ పొగ దగ్గర ఒక్క చూపు చాలు — నా చెయ్యి కూడా ఉంది అందులో, గాజుల దాకా. ఆపితే, బతికినంతకాలం అమ్మ గడప బయటే.

ఆపను. సార్‌నూ వదలను.

జూలై 20, చింతామణి

హాలు నిండుతోంది. ముందు వరసలో ఇద్దరం. సార్ వచ్చి అమ్మకు నమస్కారం పెట్టాడు. అమ్మ గబుక్కున లేచి నిలబడింది — “బాగుండారా సారూ.”

సినిమాకు ముందే మాట్లాడతాను సార్, అన్నాను.

“ముందెందుకమ్మా? జనాన్ని చూడనీ మొదట.”

“మా అమ్మ చూసేలోపల చెప్పాల సార్.”

నవ్వాడు. అమ్మను పొగుడుతానని అనుకున్నట్టున్నాడు. “సరే. ఐదే నిమిషాలు.”

కన్నడంలో రాసింది మడిచి సంచిలో పెట్టేశాను. కన్నడం అంతంతమాత్రం వచ్చే అమ్మ ముందు ఆ మాట కన్నడంలో చెప్తే దాక్కున్నట్టే. ఈ పేజీలోనే, కింద, తెలుగులో మళ్ళీ రాస్తున్నాను. మొదటి వాక్యం కుంపటి పట్టిన నా చేతిది. రెండో వాక్యం నుంచి చివరిదాకా సార్‌దే, ఒక్క అక్షరం తగ్గించను.

మైకు సరిచేస్తున్నారు. అమ్మ నా మీదకు వంగింది.

“ఏం రాస్తాండావే?”

“మాట్లాడేదమ్మా.”

“అంత సేపు రాస్తాండావు, మొదలు ఏమని ఉండాది?” అక్షరాలు రాని వేలు తెచ్చి సరిగ్గా మొదటి వాక్యం మీద పెట్టింది. “ఇది సదువు. ఇంటాను.”