గీతలో మాయమైన రెండు నెలలు

కోరుట్ల, గురువారం

సాయంత్రం 7.40కి పత్రిక డెస్క్‌కు ఫోన్ చేసి, రేపు అచ్చు కావాల్సిన నా సిరిసిల్ల గ్రాఫ్‌ను ఆపించాను. తప్పు పట్టింది నా భార్య విజయ.

నేత కార్మికుల సంఘం డేటాబేస్ నుంచి నెలవారీ బట్ట ఉత్పత్తిని గ్రాఫ్ టూల్‌లో గీశాను. కావాల్సినవి ఎంచుకుని నొక్కితే చాలు, డేటాబేస్‌ను అడగాల్సిన క్వెరీ అదే రాసుకుంటుంది. మార్చి నుంచి జూన్ దాకా గీత నున్నగా వచ్చింది. మురిసిపోయి ల్యాప్‌టాప్‌ను వంటింట్లోకి తీసుకెళ్లి చూపించాను.

విజయ పిండి చేతులతోనే వంగి చూసింది. "ఏప్రిల్, మే సాంచాలు బందుండె. సిరిసిల్లల పని లేక మా తమ్ముడు మనింట్లనే ఉండె గదా! మామిడికాయ తొక్కు సీసా వాడే ఖాళీ చేసిండని మీరే గులిగిన్రు. మరి గీ బట్ట ఎవరు నేసిన్రు, మీరా?"

క్వెరీ తెరిచి చూశాను. ఆ రెండు నెలలకు ఒక్క నమోదూ లేదు. టూల్ ఆ ఖాళీని దాటేసి మార్చిని జూన్‌తో కలిపేసింది. సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయాయని కార్మికులు పెట్టుకున్న అర్జీని నా గ్రాఫే అబద్ధం చేసేది.

అయితే నమోదు లేనంత మాత్రాన ఉత్పత్తి లేదని రాయలేనన్నాను.

"మా తమ్ముని మాట మీకు సాల్తలేదా?" అంది విజయ.

"నా మాటనే నాకు సాల్తలేదు," అన్నాను. నవ్వి, నా ప్లేటులో ఇంకో చపాతీ వేసింది.

ఇదివరకు అచ్చయిన గ్రాఫుల్లో ఇలాంటివి ఎన్నున్నాయో...

రేపు ఎనిమిదింటికి సిరిసిల్ల బస్సు. పదిన్నరకు బావమరిది తను పనిచేసే కార్ఖానా హాజరు పుస్తకం చూపిస్తానన్నాడు. విజయ అతనికి కొత్త తొక్కు సీసా కట్టి నా బ్యాగు పక్కనే పెట్టింది.