వస్తామన్న మాట

మిస్సిసాగా,
డిసెంబరు మొదటి ఆదివారం.

అత్తయ్యా,

మీ కోడలు ఏనీ, మనవరాలు హోప్ మీకు వందనాలు చెబుతున్నాం. ఫోన్లో చెబితే సగం మీకు వినబడదు. వినబడాలని అరిస్తే ఎరిక్ బావగారితో పాటు దేశం ఆ చివర సర్రీలో మీ వీధి మొత్తానికి వినబడుతుంది. అందుకే కాగితం తీశాను. ముప్ఫై ఏళ్ళు టీచరుగా చేసిన చెయ్యి మీది, తప్పులు కనబడితే ఎర్ర ఇంకు మాత్రం తియ్యకండి.

ఈ ఏడు మా ఇంటికి క్రిస్మస్ స్టార్ కట్టలేదు. కట్టే మనిషి లేడు కదా. కెన్నీ ఉన్నప్పుడు నవంబరు వస్తే చాలు, వంటింటి బల్ల నిండా పుల్లలు, రంగు కాగితాలు, మైదా జిగురు. నేను ఎంత సణిగేదాన్నో మీకు తెలుసు. చిన్నప్పుడు ఎర్ర కాగితం చాలక ఒక మూలకి మీ నోట్సు అట్ట నీలం కాగితం అంటించాడట, అప్పటినుంచీ ప్రతి ఏడూ నాలుగు మూలలు ఎరుపు, ఒకటి నీలం. ఎర్ర కాగితం కట్టలు కట్టలు కొనిచ్చినా ఆ ఒక్క మూల మార్చేవాడు కాదు.

హోప్ వారం రోజులుగా ఒకటే గొడవ, క్లాసులో అందరూ క్రిస్మస్ మార్కెట్ చూశారు, మనం ఎప్పుడు వెళ్తామని. సరే కదా అని నిన్న గో ట్రైన్ ఎక్కి టొరంటో తీసుకెళ్ళాను. ఆ మార్కెట్ పెట్టింది ఒకప్పటి సారా బట్టీ ఆవరణలో. మన పాస్టరు గారికి చెప్పకండి, ప్రభువు పుట్టిన పండక్కి సారా బట్టీ దారి పట్టామని. ఎర్ర ఇటుకల గోడలు, రాళ్ళు పరిచిన సందులు, మధ్యలో మేడంత చెట్టు. ఎక్కడ చూసినా జనం, దాల్చినచెక్క వాసన, అందరి నోళ్ళలోంచీ పొగ. అంత చలి. నాలుగున్నరకే చీకటి పడిపోయింది.

ఒక సందు చివర ఒంటరిగా ఒక కొట్టు ఉంది. మిగతా కొట్ల ముందు బారులు తీరి ఉన్నారు, దీని ముందు ఒక్కరూ లేరు. లోపలంతా కాగితం స్టార్లు, మన వైపు ఇళ్ళకి కట్టేలాంటివి. అత్తయ్యా, ప్రతి స్టారుకీ నాలుగు మూలలు ఎరుపు, ఒకటి నీలం.

కొట్లో ఒక ముసలావిడ ఉంది. అంత చలిలో చేతులకి గ్లవ్స్ లేవు, ఒక బూడిదరంగు శాలువా మాత్రం కప్పుకుంది. నన్ను చూడగానే "వందనాలమ్మా" అంది. నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఈ దేశంలో వాల్‌మార్ట్ లైన్లో నిలబడినా వెనక నుంచి తెలుగు వినబడుతుంది కదా.

"ఈ స్టార్లు ఎవరు చేస్తారండీ?" అని అడిగాను.

"మా దగ్గర ఒకాయనున్నాడమ్మా. ఎనకాల కూచుని చేస్తన్నాడు. ఫిబ్రవరిలో వచ్చాడు, కొత్తోడు. పనితనం బాగుంటది."

కొట్టు వెనక ఒక తెర వేలాడుతోంది. దాని వెనక కత్తెర శబ్దం. ఆ శబ్దానికి ముందు ప్రతిసారీ ఎవరో గొంతు సవరించుకుంటున్నారు. కెన్నీ అలవాటు మీకు చెప్పక్కర్లేదు. కాగితం కత్తిరించే ముందు, ప్రార్థనకి లేచినట్టు గొంతు సవరించుకునేవాడు.

"ఒకసారి పిలుస్తారా?" అన్నాను.

"ఇయ్యాళ బయటికి రాడమ్మా, పనిలో ఉన్నాడు. మళ్ళీ రాండి."

"వస్తామండి" అన్నాను.

తిరిగి ట్రైన్ ఎక్కాం. క్లార్క్సన్ స్టేషన్ దగ్గరికి వచ్చాక హోప్, "మమ్మీ, దట్ లేడీ హాజ్ నో స్మోక్" అంది. ముందు అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. మార్కెట్లో అందరూ మాట్లాడుతుంటే నోటి ముందు పొగ వచ్చింది, ఆవిడ మాట్లాడినప్పుడు రాలేదు.

అత్తయ్యా, మీకొకటి చెప్పాలి. ఆ ఫిబ్రవరి పొద్దున కెన్నీ మంచు తియ్యడానికి పార పట్టుకుని వెళ్తూ, "కాఫీ పెట్టు, రెండు నిమిషాల్లో వస్తా" అన్నాడు. గుండె ఆగి మంచులో పడిపోయాడని పక్కింటావిడ తలుపు కొట్టేదాకా నేను కాఫీ మీద మూత పెట్టుకుని కూర్చునే ఉన్నాను. అందరూ పోయాడంటారు. నాకు మాత్రం వస్తానన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు కదా మీ అబ్బాయి. పది నెలలుగా నేను చేస్తున్నది ఏడవడం కాదు, ఎదురుచూడటం. ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని.

వచ్చే శనివారం ఒక్కదాన్నే మళ్ళీ వెళ్తాను. అతను బయటికి రాకపోతే నేనే ఆ తెర వెనక్కి వెళ్తాను. హోప్‌ని సెలవులకి మీ దగ్గరికి పంపుతున్నాను, ఫ్లైట్‌లో ఎయిర్‌లైన్ వాళ్ళే చూసుకుంటారు. బట్టలన్నీ సర్దేశాను, ఎండాకాలం గౌన్లతో సహా. రాత్రి పడుకునేముందు దాని జుట్టుకి కాస్త కొబ్బరినూనె రాయండి, లేకపోతే చిక్కులు పడుతుంది.

మీ ఏనీ

*

సర్రీ,
గురువారం.

అమ్మా ఏనీ,

నీ ఉత్తరం అందిన పూటే రాస్తున్నాను. ఎరిక్‌ని ఆఫీసుకి పోనివ్వకుండా పోస్టాఫీసుకి తరుముతున్నాను, ఎంత ఖర్చైనా రేపటికల్లా నీ చేతిలో పడాలని. ఫోను ఎత్తడం లేదు నువ్వు. ఎత్తకు, నాకూ వినబడదు. కాగితమైతే తప్పించుకోలేవు.

ఎర్ర ఇంకు తియ్యొద్దన్నావు. తీస్తాను. నీ ఉత్తరంలో మూడు తప్పులున్నాయి.

పది రోజుల సెలవులకి వచ్చే పిల్లకి ఎండాకాలం గౌన్లు ఎందుకే? నేను ముసలిదాన్నే గానీ మతిలేనిదాన్ని కాదు. అది ఒకటి.

పెళ్ళయిన నాటినుంచీ నువ్వు నాకు ఏం రాసినా, పుట్టినరోజు కార్డైనా సరే, చివర "ఉంటాను" అని రాస్తావు. పేరు ఆ తర్వాతే. ఈసారి పేరొక్కటే ఉంది. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. అది రెండోది.

ఇక మూడోది. కెన్నీని ఫ్యూనరల్ హోమ్‌లో ఉంచినప్పుడు మనవాళ్ళు వచ్చారు, కూర్చున్నారు, పాటలు పాడారు, లేచి మాట్లాడకుండా వెళ్ళిపోయారు. గుర్తుందా? ఒక్కరైనా "వెళ్ళొస్తాం" అన్నారా? చావు జరిగిన చోట ఆ మాట అనరు. అంటే మళ్ళీ రావాల్సి వస్తుందని మా అమ్మ చెప్పేది. దేవుని వాక్యంలో లేదని పాస్టరమ్మ అంటుంది. లేకపోతే లేకపోనీ, ఆవిడ కూడా ఆ రోజు అనలేదు, నేను చూశాను.

ఆ కొట్టు ఎలాంటి చోటో నాకు తెలియదు. నోట్లో ఊపిరి లేని మనిషి నడిపే చోట నువ్వు ఆ మాట అన్నావు. అదీ "వస్తాను" అనలేదు, "వస్తాం" అన్నావు. పిల్లని కూడా కలిపి మాటిచ్చావు. నువ్వు దాన్ని ఫ్లైట్ ఎక్కించినా ఆ మాట దాన్ని వదులుతుందనుకున్నావా?

నా కొడుకు మీద నీకున్నంత ప్రేమ నాకూ ఉంది. తొమ్మిది నెలలు మోశాను. వాడు వస్తానన్నాడు, నిజమే. నిన్ను రమ్మన్నాడా? నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎక్కడా రమ్మనలేదు.

శనివారం వెళ్ళకు. తిరుగు ఉత్తరం రాయి. చివర రాయాల్సింది రాయి.

నీ అత్తయ్య,
బాలకుమారి

*

మిస్సిసాగా,
క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు.

అత్తయ్యా,

వందనాలు. మీ ఉత్తరం ఆ శుక్రవారమే అందింది, జవాబుకే ఇన్నాళ్ళు పట్టింది. శనివారం ప్రయాణం మానుకున్నాను. చెప్పిన మాట వినడం నాకు కొత్త అని మీరంటారు, అయినా విన్నాను. రోజంతా ఇల్లు కడిగిందే కడుగుతూ ఉన్నాను, కాళ్ళు గుమ్మం దాటకుండా.

మర్నాడు ఆదివారం చర్చి అయ్యాక హోప్ స్కేటింగ్ చేస్తానంది. టొరంటో సిటీ హాల్ ముందు నీళ్ళు గడ్డకట్టించి పిల్లల్ని ఆడనిస్తారు, దాని చుట్టూ ఇంకో క్రిస్మస్ మార్కెట్. ఆ సారా బట్టీ ఎక్కడ, ఇదెక్కడ, భయం లేదనుకున్నాను. పిల్ల కాసేపు ఆడింది, రెండుసార్లు పడింది, ఏడవలేదు. బూట్లు మార్చుకుని వేడివేడి చాక్లెట్ కొనుక్కుందామని తిరిగాం.

కొట్ల వరసలో ఆఖరిది అదే. అవే స్టార్లు. అదే శాలువా.

"వందనాలమ్మా" అంది ముసలావిడ. "వస్తామన్నారుగా. రాలేదని మేమే వచ్చాం."

పరిగెత్తాల్సింది. మీరైతే పరిగెత్తేవారు. నేను నిలబడిపోయాను. తెర వెనక గొంతు సవరించుకున్న చప్పుడైంది, కత్తెర ఆగింది. తెర సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. బొటనవేలి గోరు మీద ఎండిపోయిన మైదా జిగురు. ఉంగరం వేలికి మా పెళ్ళి ఉంగరం, నేనే శవపెట్టెలో అతని వేలికి ఉంచెయ్యమన్నది. ఆ చెయ్యి పిలవలేదత్తయ్యా, మీరన్నట్టే. ఊరికే అలా గాలిలో ఉంది, చీకట్లో స్విచ్ కోసం వెతుక్కుంటున్నట్టు.

"మమ్మీ, యువర్ స్మోక్ ఈజ్ గాన్" అని హోప్ నా కోటు లాగింది.

నోరు తెరిచి గట్టిగా ఊదాను. ఏమీ రాలేదు. భయం వేయలేదు నాకు, హాయిగా అనిపించింది. చలి కూడా తెలియలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ హాయికే భయం వేస్తోంది. ఒక అడుగు వేశాను కూడా. అప్పుడు హోప్ వైపు చూశాను. దాని నోటి ముందు పొగ పల్చబడుతోంది. ఉంది, లేదు, మళ్ళీ కాస్త ఉంది. "వస్తాం" అన్నానన్నారు కదా, అప్పుడు తెలిసింది నేను ఎవరిని కలిపి ఆ మాట అన్నానో.

వెనక్కి తిరిగి ఏదో ఒకటి చెప్పేసి వచ్చేద్దామనుకుంటే నోట్లోంచి "వస్తా..." అనే వస్తోంది. పుట్టినప్పటినుంచీ అలవాటైన మాట. వేరే మాటకి నాలుక తిరగలేదు.

హోప్ తెలుగు మీకు తెలుసు కదా. ఇంగ్లీషులో ఆలోచించి, వరసగా మాటలు పేర్చి అంటుంది. స్కూలుకి వెళ్తూ "నేను పోతున్నా" అనేది. కెన్నీ ఎంత పనిలో ఉన్నా వదిలిపెట్టి, "పోతున్నా అనకూడదు నాన్నా, వెళ్ళొస్తా అనాలి" అని దిద్దేవాడు. రోజూ దిద్దేవాడు, రోజూ అది తప్పే అనేది. ఇంటి తెలుగు పిల్లకి పట్టుబడటం లేదని నేను బాధపడేదాన్ని.

అది నా చెయ్యి గట్టిగా పట్టుకుని, తెర వైపు చూసి, "డాడీ, మేము పోతున్నాం" అంది.

ముసలావిడ ముఖం మారిపోయింది. అయినా నవ్వు తెచ్చిపెట్టుకుని, ఎంతో ముద్దుగా, "అట్టా అనకూడదమ్మా, తప్పు. వెళ్ళొస్తాం అనాల" అంది. పిల్ల తడబడింది. పెద్దవాళ్ళు దిద్దితే సరిగ్గా చెప్పాలని మనమే కదా నేర్పాం. పెదవులు కదిలించింది.

తెర వెనక గొంతు సవరించుకున్నాడు.

"సరిగ్గానే చెప్పావు నాన్నా" అన్నాడు కెన్నీ. "అలాగే అనాలి. పోండి."

మీ అబ్బాయి గొంతే. ఎక్కడ విన్నా పోల్చుకుంటాను. చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది, తెర మూసుకుంది. నేనూ అన్నాను అత్తయ్యా. "పోతున్నాం, కెన్నీ." పది నెలల్లో మొదటిసారి ఏడ్చాను, నడిబజార్లో, శాంటా టోపీలు పెట్టుకున్నవాళ్ళందరూ చూస్తుండగా. ఆ ఏడుపుతోనే నా నోటి ముందు తెల్లగా ఇంత పొగ వచ్చింది. హోప్ చప్పట్లు కొట్టింది. మళ్ళీ తిరిగి చూస్తే రెండు కొట్ల మధ్య ఒక చెత్తడబ్బా పట్టేంత ఖాళీ మాత్రమే ఉంది, అందులో చెత్తడబ్బానే ఉంది.

నిన్న వంటింటి బల్ల మీద పుల్లలూ మైదా జిగురూ పరిచి నేనూ హోప్ స్టార్ చేశాం. వంకరగా వచ్చింది. ఎర్ర కాగితం కావలసినంత ఉంది, అయినా అది పట్టుబట్టి ఒక మూలకి నీలం అంటించింది. ముందు గది కిటికీకి కట్టాం. ఇప్పుడు రోజూ పొద్దున స్కూలు బస్సు వచ్చేముందు గుమ్మం బయట నిలబడి ఒకరి పొగ ఒకరం చూసుకుంటున్నాం. అది అడిగింది, నేను కాదనలేదు. నాకూ చూసుకోవాలనే ఉంది.

ఒకటి దాచాను, చెప్పేస్తున్నాను. హోప్‌కి మొదట కొన్న టికెట్ మీ దగ్గరికి రావడానికి మాత్రమే, తిరుగు టికెట్ కొనలేదు. అది రద్దు చేశాను. ఇప్పుడు ఇద్దరికీ కొన్నాను, రానూ పోనూ. కొత్త సంవత్సరం ఆరాధనకి మీ పక్కన కూర్చుంటాం. ఎండాకాలం గౌన్లు బీరువాలో పెట్టేశాను.

మీరు రాయమన్నది రాస్తున్నాను. ఇన్నేళ్ళూ అలవాటుగా రాశాను, ఈసారి అర్థం తెలిసి మరీ రాస్తున్నాను.

ఉంటాను,
ఏనీ